రొమ్ము క్యాన్సరు చికిత్స ముగిసిన పిమ్మట చేతి సంరక్షణ

మా వైద్యశాలకు వచ్చు గృహిణులలో కొందరు గడప దాటగానే కొంగుతో ఒక చేతిని కప్పుకొందురు. కూర్చున్న తరువాత కూడ ఆ చేయి బయటికి రాదు. అజీర్ణమనియో, నిద్ర పట్టుట లేదనియో, మోకాళ్ళ నొప్పులనియో మొదలిడి పది నిమిషములు మాటలాడుదురు. లేచి వెళ్ళబోవునపుడు, "అయ్యా, ఇంకొక్క మాట" అందురు. ఆ ఒక్క మాట కొరకే వారు వచ్చిరని నాకు ఇన్నేండ్ల అనుభవమున తెలిసినది. రొమ్ము క్యాన్సరుకు హైదరాబాదులో ఆపరేషను అయినది, మందు లెక్కించిరి, కరెంటు పెట్టిరి. రేడియేషను చికిత్సను మా పల్లెలలో ఇట్లే చెప్పుకొందురు. అంతయు నయమైనది, ఇంటికి పొమ్మనిరి. ఏడాది గడచిన తరువాత చేయి వాచినది. "చెయ్యి బండ లెక్క బరువైంది, జాకెట్టు ఎక్కుత లేదు" అని మెల్లగా చెప్పుదురు.

2016 అక్టోబరులో జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి ఇట్టి స్త్రీలను నేను తరచుగా చూచుచున్నాను. జనగామవారికి సికింద్రాబాదుకు రైలు ఉన్నది, తెల్లవారి పోయి రాత్రికి తిరిగి రాగలరు. మహబూబాబాదువారికి కూడ రైలుమార్గము కలదు. భూపాలపల్లివారు రాజధానికి పోవలెనన్న ఇన్నూరు కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చొనవలెను. రేడియేషను వారమునకు ఐదు దినముల చొప్పున మూడు వారములు గాని, ఐదు వారములు గాని సాగును. ఆ దినములలో చుట్టాల యిండ్లలోను, అద్దె గదులలోను తలదాచుకొని, అప్పులు చేసి, చివరికి ఇల్లు చేరిన స్త్రీకి మరల వ్యాయామము నేర్చుకొనుటకు అంత దూరము పొమ్మన్న ఎవరు పోగలరు? ఆపరేషను చేసిన వైద్యులు వ్యాయామముల కాగితము ఇచ్చియే యుందురు. అది ఇనుప బీరువాలో రిపోర్టుల సంచిలో భద్రముగా ఉండును. ఇటీవల మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. పాఠకులు తమ జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగమును గురించి ఒకసారి విచారించుట మంచిది.

చేయి ఎందుకు వాచును? ఓరుగల్లు ప్రాంతము వారికి దీనిని చెప్పుట సులభము. కాకతీయుల కాలమునాటి గొలుసుకట్టు చెరువులు మనకు తెలిసినవే. ఒక చెరువు నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరును. దేహములో రక్తముతో పాటు లింఫు అను మరియొక ద్రవము ప్రవహించుచుండును. మన గ్రంథములు లసీక అని పేర్కొన్న ద్రవముతో దీనికి పోలిక కలదు. చేతిలోని లింఫు చంకలోని గ్రంథుల మీదుగా పైకి పోయి గుండె దగ్గర రక్తములో కలియును. క్యాన్సరు ఆ గ్రంథులకు ప్రాకియుండునన్న అనుమానముతో శస్త్రవైద్యులు వానిని తొలగింతురు. రేడియేషను వలన మిగిలినవి బిగిసిపోవచ్చును. అనగా తూము మూసుకొనిపోయినది, ఎగువనుండి నీరు మాత్రము వచ్చుచునే యున్నది. చంకలోని గ్రంథులన్నిటిని తీసిన స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు కలుగునని లెక్కలు చెప్పుచున్నవి. ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించు నేటి పద్ధతిలో ఇది ఇరువదిమందిలో ఒకరికి మాత్రమే వచ్చును. ఆపరేషను జరిగిన కొన్ని నెలలకు రావచ్చును, కొన్ని సంవత్సరములకును రావచ్చును.

ఇరుగుపొరుగువారు దీనిని చూచి బోదకాలు చేతికి వచ్చినదందురు. అది దోమకాటు వలన వచ్చు వ్యాధి, ఇది వేరు. బోదకాలు మాత్రలు దీనికి పనిచేయవు. ఇది అంటువ్యాధి కాదు. ఆమె కలిపిన ముద్ద పిల్లలకు పెట్టకూడదని వారించిన అత్తగారిని నేను చూచియున్నాను.

ఇక నా తప్పును నేనే చెప్పుకొనవలెను. పదునెనిమిది సంవత్సరముల క్రిందట జనగామ సమీప గ్రామమునుండి ఒక ఇల్లాలు, వయసు నలుబది యైదు దాటినది, ఇట్టి చేతితో నావద్దకు వచ్చినది. నేను గురుకులములో పదునొకండు సంవత్సరములు చదివినవాడను. వాపు, బరువు, నొప్పి కనబడగానే వాతకఫ శోథమని నిశ్చయించి, మహానారాయణ తైలమును గోరువెచ్చగా చేసి గట్టిగా మర్దనము చేయుడనియు, పిమ్మట వావిలాకు కాపడము పెట్టుడనియు చెప్పితిని. ఆమె కూతురు తల్లిమీది ప్రేమతో ఐదు దినములు బలముకొలది మర్దించినది. ఆరవ రాత్రి చలి వణకుతో జ్వరము వచ్చినది. తెల్లవారుసరికి మణికట్టునుండి భుజమువరకు చేయి ఎఱ్ఱబడి నిప్పువలె కాలుచున్నది. వరంగల్లులోని ఆసుపత్రిలో తొమ్మిది దినములుంచి నరములోనికి యాంటీబయాటిక్కు లిచ్చి రక్షించిరి. ప్రాణము దక్కినది గాని చేయి పూర్వపు కొలతకు మరల రాలేదు. ఆమె నన్ను నిందింపలేదు. నిందించియుండినచో నాకు కొంత తేలికగా ఉండెడిది.

తూము మూసిన చెరువులోనికి వరద విడిచితిని. వేడియు, గట్టి మర్దనమును చేతికి రక్తమును అధికముగా రప్పించును. రక్తము వచ్చిన కొలది లింఫు ఊరును. పోవుటకు దారి లేదు. కఫము ప్రబలిన వారికి అభ్యంగము కూడదని అష్టాంగహృదయములో చెప్పబడినది. దానిని నేను పదునాలుగేండ్ల వయసుననే కంఠస్థము చేసితిని. సుశ్రుతుడు నిదానస్థానములో విసర్పమును, స్తనరోగములను ఒకే అధ్యాయమున కూర్చి, మరుసటి అధ్యాయమున అర్బుదమును వర్ణించినాడు. ఆ ఎఱ్ఱని వాపు మన విసర్పమునకు మిక్కిలి దగ్గర. ఆ అధ్యాయమును విద్యార్థులకు అనేక పర్యాయములు బోధించియు, నా యెదుట కూర్చున్న రోగి చేతిలో దానిని గుర్తింపలేకపోతిని.

కావున మా వృత్తివారికిని, ఇండ్లలో పెద్దలకును నా మనవి యిది: చంక గ్రంథులు తీసిన వైపు చేతికి వేడినూనె మర్దనము, కాపడము, ఆవిరి స్వేదము, జలగలు పెట్టుట, రక్తము తీయుట, పైన వేడి లేపనములు ఏవియు చేయరాదు. ఈ వాపునకు తగిన మర్దనము వేరొకటి కలదు. డెన్మార్కు దేశస్థుడైన ఎమిల్ వోడర్ 1930 ప్రాంతముల రూపొందించిన పద్ధతి అది. అందు కండరములను పిసుకుట లేదు. చర్మమును మాత్రము, నిదురించు పసిబిడ్డ వీపు నిమిరినంత మెల్లగా, కదల్చుదురు. మొదట మెడను, ఆరోగ్యముగానున్న వైపు చంకను నిమిరి అక్కడి దారులు తెరతురు. ఆ తరువాత రొమ్ము పైభాగము, భుజము, చివరకు చేయి. పిల్లకాలువలు తీయకుండ నీరు మళ్ళింప వీలుకాదు గదా. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వద్ద ఇంటివారిలో ఒకరు రెండు మూడు పర్యాయములు నేర్చుకొన్న చాలును. కేరళలో కాసరగోడునందలి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీవారు బోదకాలు రోగులకు ఆయుర్వేదమును, యోగమును, ఆధునిక చర్మవైద్యమును కలిపి చికిత్స చేయుచున్నారు. అది ఈ వ్యాధికి కాకపోయినను, చర్మశుద్ధి, కట్టు, శ్వాసతో కూడిన కదలిక అను మూడింటికిని వారిచ్చు ప్రాధాన్యము మనకు ఆదర్శప్రాయము.

ఇప్పుడు వ్యాయామము. ఆపరేషను అయిన స్త్రీని మంచము దిగనీయక, చేతిని ఒడిలో పెట్టుకొని కూర్చొనుమనుట మన యిండ్లలో ఆచారమైనది. అది ప్రేమయే గాని, భుజము బిగిసి పోవుటకు అదియే కారణము. ఆపరేషను జరిగిన మరునాటినుండి పాతగుడ్డను ఉండగా చుట్టి పిడికిట బిగించి విడుచుట, మోచేయి వంచి చాచుట చేయవచ్చును. గొట్టములు తీసి, గాయము మానుచున్నదని వైద్యులు చెప్పిన పిదప చేతిని భుజముకంటె పైకి ఎత్తవలెను. గోడకు ఎదురుగా నిలిచి, వ్రేళ్ళను చీమ నడకవలె గోడమీద పైకి నడిపింపుడు. ఎంతవరకు పోయినదో అక్కడ బొగ్గుతో గీత గీయుడు. మరునాడు ఆ గీతకు ఒక వ్రేలెడు పైకి పోవలెను. పూటకు పదిమార్లు, దినమునకు మూడుపూటలు. లాగినట్లుండుట సహజము, సూదితో పొడిచినట్లున్న ఆపవలెను. ఇంత ఖర్చులేని సాధనము మరియొకటి లేదు. ఒక యింట ఆ బొగ్గుగీతలు నిలువుగా మూరెడు పొడవున నుండుట చూచి నేను మిక్కిలి సంతోషించితిని. కోడలు ఆ యేడు పండుగకు కూడ ఆ గోడకు సున్నము వేయనీయలేదట!

కొందరికి చంకనుండి మోచేతివరకు చర్మము క్రింద తీగవలె బిగువు కనబడును. నరము తెగినదనియో, క్యాన్సరు ప్రాకినదనియో భయపడుదురు. ఆపరేషను తరువాత కొన్ని వారములకు వచ్చు ఈ తీగలు సాధారణముగా మెల్లని సాగదీతలతోనే కొన్ని నెలలలో వదులగును. వైద్యునకు ఒకసారి చూపిన ధైర్యము కలుగును.

ఆరు వారములు గడచిన పిమ్మట, శస్త్రవైద్యుని అనుమతితో, ఇంటిపనులే వ్యాయామమగును. రెండు చేతులతో త్రాడు లాగుచు కవ్వముతో మజ్జిగ చిలుకుట భుజమునకు ఎంత హితమో చెప్పనలవి కాదు. తల దువ్వి తన జడ తానే అల్లుకొనుట, దండెము మీద తడిబట్టలు ఆరవేయుట కూడ అట్టివే. బరువులన్నచో, ఇదివరలో జీవితాంతము ఎత్తకూడదని చెప్పెడివారము, నేనును చెప్పితిని. 2009లో అమెరికాలో కాత్రిన్ ష్మిట్జ్ అను పరిశోధకురాలును, ఆమె సహచరులును చేతివాపు ఉన్న 141 మంది స్త్రీలతో జరిపిన పరిశోధన ఈ మాటను మార్చినది. మిక్కిలి తక్కువ బరువుతో ప్రారంభించి, శిక్షకుల పర్యవేక్షణలో క్రమముగా పెంచినవారికి వాపు పెరుగలేదు. అది ఉద్రేకించు సందర్భములును తగ్గినవి. అనగా అరకిలోతో మొదలిడి మెల్లగా పెంచవలెనే గాని, మొదటి దినముననే నిండుబిందె చంకనెత్తుకొన రాదు.

వాపు వచ్చినదో లేదో కంటితో తెలియదు. దర్జీవాని టేపుతో మణికట్టు, మోచేతికి నాలుగు వ్రేళ్ళు క్రింద, నాలుగు వ్రేళ్ళు పైన, రెండు చేతులకును కొలచి క్యాలెండరు మీద వ్రాయుడు. వీలైనచో ఆపరేషనుకు ముందే మొదటి కొలత తీయవలెను, ఏలయన పని చేయు చేయి సహజముగా కొంచెము లావుండును. తరువాత ప్రతి పౌర్ణమికి ఒకసారి చాలును. రెండు చేతుల నడుమ భేదము రెండు సెంటీమీటర్లకు మించినచో ఆలసింపక చూపించుకొనవలెను. ఉన్నట్టుండి వచ్చిన వాపును మాత్రము ఇంట కొలచుచు కూర్చొనరాదు. రక్తము గడ్డకట్టినను, క్యాన్సరు తిరిగి వచ్చినను చేయి వాయవచ్చును, అది తేల్చవలసినవారు మీ క్యాన్సరు వైద్యులు.

వాపు స్థిరపడిన పిదప వేయించు బిగుతు తొడుగు కొలత ప్రకారము కొనవలెను. ఉదయము తొడిగి రాత్రి తీయవలెను. సుమారు ఆరునెలలకు దాని పట్టు సడలును. దానికి బదులుగా మందుల దుకాణములో క్రేపు గుడ్డ కొని భుజము వద్ద బిగించి కట్టుట చాల హానికరము. బిగువు వ్రేళ్ళ వైపు అధికముగను, పైకి పోయినకొలది తక్కువగను ఉండవలెను. వేసవిలో మా ప్రాంతపు ఎండలకు ఆ తొడుగు ధరించుట శిక్షయే యని నేను ఒప్పుకొందును. ఉదయపు పనులు దానితో ముగించుకొని మధ్యాహ్నము చేతిని దిండుపై ఎత్తి పెట్టుకొని పరుండవచ్చును.

గాజుల విషయము సున్నితమైనది. వాచిన మణికట్టులో గాజులు దిగబడి చర్మము ఒరసికొనుచున్నను, ముత్తైదువను గాజులు తీయుమన్న ఆమె ముఖము వాడిపోవును. మహబూబాబాదు తండాలలో పెద్ద తరపు స్త్రీలు మోచేతి పైవరకు గాజులు ధరింతురు. వారికి ఇది మరింత కష్టము. "నీ పసుపుకుంకుమలు చల్లగ ఉంటయి బిడ్డా, ఈ చేతివి ఆ చేతికి మార్చు, ఇక్కడ ఒక్క వదులు గాజు ఉంచు" అని చెప్పిన తరువాత వినినవారే ఎక్కువ. ఈ మాట వైద్యునికంటె అత్తగారు చెప్పిన త్వరగా ఫలించును.

చర్మము పగులకుండుట ముఖ్యము. స్నానానంతరము వ్రేళ్ళ సందులు తుడిచి, చల్లని కొబ్బరినూనె పలుచగా రాయవలెను. గోళ్ళను లోతుగా కత్తిరింపరాదు. పోపు వేయునపుడు నూనె చిందకుండ పొడవు గరిటె వాడవలెను. సూదిమందులు, రక్తపు పరీక్షలు వీలైనంతవరకు రెండవ చేతికే చేయించుకొనవలెను. జనగామ వైపు పత్తి ఏరునపుడు ఎండిన కాయల మొనలు వ్రేళ్ళను చీరును. మహబూబాబాదు వైపు మిరప ఏరుటలో మంటకు చేతులు గోకికొందురు. మన కూలీ స్త్రీలు చీరమీద మగవారి పాతచొక్కా తొడుగుకొను అలవాటు ఇందుకు మిక్కిలి మంచిది. దానికి గుడ్డ చేతితొడుగులు చేర్చిన చాలును. యూరియా చల్లుటను మాత్రము వేరొకరికి అప్పగింపుడు. చేయి ఎఱ్ఱబడి, వేడెక్కి, చలిజ్వరము వచ్చినచో కషాయములు కాచుచు కూర్చొనక ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఆ జ్వరము తగ్గువరకు కట్టులు, వ్యాయామము నిలుపవలెను.

ఆహారమును గురించి క్లుప్తముగా చెప్పుదును. కీమోథెరపీ దినములలో మన సంసర్జన క్రమమే సుఖము: మొదట పలుచని గంజి, తరువాత మెత్తని అన్నము, పెసరకట్టు, ఆకలి కుదిరిన పిదప పప్పు, గ్రుడ్డు, మాంసరసము. ఏదియైనను అప్పుడు వండినదై యుండవలెను. ఆ సమయమున వ్యాధినిరోధక శక్తి తగ్గియుండును కనుక పచ్చి చూర్ణములు, నిలువయున్న పచ్చి రసములు కూడవు. చికిత్స ముగిసిన తరువాత అసలు చిక్కు మరొకటి. బలము రావలెనని నేయి, లడ్డూలు, లేహ్యములు పెట్టి ఏడాదిలో పది కిలోలు పెంచుదురు. బరువు పెరిగినకొలది చేతివాపు పెరుగును. చ్యవనప్రాశ సగము తీపియేనని మేము వైద్యులము మరచిపోవుచుందుము. రాగి అంబలి, ఆకుకూరలు, పప్పు, పలుచని మజ్జిగ, సాయంకాలము అరగంట నడక, ఇంతకు మించిన రసాయనము ఈ దశలో నేనెరుగను.

మందుల సంగతి మాత్రము విపులముగా చెప్పవలెను. చాలమంది స్త్రీలకు టామాక్సిఫెన్ గాని, లెట్రోజోల్ వంటివి గాని ఐదేండ్లు, కొందరికి పదేండ్లు వ్రాయుదురు. "నయమైనది గదా, ఇంకెందుకు" అని మానివేయువారు మా ప్రాంతమున పెక్కురు. ఆ మాత్ర మానరాదు. శతావరి, అతిమధురము స్త్రీ హార్మోనులను పోలిన గుణములు కలవి కావున, హార్మోనుపై ఆధారపడిన క్యాన్సరు వచ్చినవారికి మందు మోతాదులో నేను ఇయ్యను. కూరలో పసుపు నిరభ్యంతరము. కాని కుర్కుమిన్ గుళికలు టామాక్సిఫెన్ బలమును తగ్గించునని 2019లో నెదర్లాండ్సు పరిశోధకులు చూపిరి. మిరియముల సారము కలిపిన గుళికలతో ఆ తగ్గుదల మరింత. అశ్వగంధ, గుగ్గులు కల్పములు, భస్మములు క్యాన్సరు వైద్యునకు తెలుపకుండ వాడరాదు. లెట్రోజోల్ వలన కీళ్ళు పట్టుకొనును, ఎముకలు పలుచనగును. దానిని వాతమని భ్రమించి వేరొక చికిత్స మొదలిడరాదు. టామాక్సిఫెన్ వాడుచు, ముట్లుడిగిన స్త్రీకి మరల రక్తము కనబడినచో అశోకారిష్టముతో సరిపెట్టక గర్భాశయ పరీక్ష చేయింపవలెను. పిక్క ఒకటి వాచి నొప్పిపెట్టినను అదే తొందర అవసరము.

తీసివేసిన రొమ్మును గురించి స్త్రీలు నోరు విప్పరు. ఒక వైపు బరువు పోయినందున భుజము క్రమముగా వంగి మెడనొప్పి కలుగును. గాయము పూర్తిగా మానిన పిదప మెత్తని నూలుసంచిలో దూదియు, నడుమ కొంచెము ఆవాల మూటయు ఉంచి కుట్టి లోజాకెట్టులో అమర్చుకొన్న బరువు సమమగును. ఉతుకుటకు వీలుగా రెండు కుట్టుకొనవలెను. ఈ పనిని ఒక యింట భర్తయే చేసెను. ఆయన దర్జీ, భూపాలపల్లి గనుల కాలనీలో దుకాణము. భార్య అడుగకయే, ఆమె జాకెట్టు కొలత తీయునట్లు తీసి కుట్టి, కాగితములో చుట్టి దిండు ప్రక్కన పెట్టి దుకాణమునకు పోయెనట. ఆమె ఈ సంగతి చెప్పునపుడు ఏడ్చినది, నవ్వినది.

కేసముద్రము దగ్గర మిరప ఏరు ఒక స్త్రీ మూడేండ్లనుండి నావద్దకు వచ్చుచున్నది. మొదట వచ్చినపుడు మోచేతిపైన భేదము నాలుగు సెంటీమీటర్లు. నేను మందేదియు ఈయలేదు. ఫిజియోథెరపిస్టు వద్దకు పంపితిని, తొడుగు కొనిపించితిని, గోడమీద గీత నేర్పితిని. ఏరుట మాని కల్లములో తాలుకాయలు వేరుచేయు పనికి మారినది. కూలి కొంచెము తక్కువ. ప్రతి రాకకు పాత క్యాలెండరు కాగితములు చుట్టి తెచ్చును. గత పౌర్ణమి గడిలో పిల్లవాని చేతివ్రాతతో "ఒకటిన్నర" అని యున్నది. "మా మనుమడు కొలిచిండయ్యా, వాడు టేపు గట్టిగ గుంజుతడు, రెండు ఉంటదేమో" అని ఆమె అన్నది. నేను మరల కొలచితిని. ఒకటిన్నరయే.